ఎక్కువ ఓమ్స్ పెడితే సేఫ్ అన్న మాట ట్యూబ్ యాంపుకు చెల్లదు

గిటార్ యాంపుకు కేబినెట్ (స్పీకరు పెట్టె) కలిపే దగ్గర మనవాళ్ళ నోట తప్పకుండా వినిపించే సలహా ఒకటుంది: "ఓమ్స్ తక్కువ మాత్రం పెట్టకు, ఎక్కువైతే ఏం కాదు." (ఓమ్స్ అంటే కరెంటుకు స్పీకరు ఇచ్చే అడ్డు కొలత.) చర్చి హాళ్ళలోనైనా, కాలేజీ ఫెస్టుల్లో స్టేజీ వెనకాలైనా, సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చేవాళ్ళ గోడౌన్‌లోనైనా ఇదే మాట. చెప్పేవాళ్ళది మంచి ఉద్దేశమే. వాళ్ళ అనుభవంలో అది నిజం కూడా. ఎందుకంటే వాళ్ళ చేతుల్లో తిరిగినవన్నీ ట్రాన్సిస్టర్ యాంపులు. అదే మాటను తెచ్చి ట్యూబ్ యాంపుకు (గాజు వాల్వులతో పనిచేసేదానికి) అంటగడితే మాత్రం, ఆ యాంపులో అన్నిటికన్నా ఖరీదైన భాగాల్లో ఒకటైన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే నేను గట్టిగా చెప్పేదేమిటంటే, ఓమ్స్ ఎన్ని అని అడిగే ముందు ఆ పెట్టెలో ఉన్నవి ట్యూబులా ట్రాన్సిస్టర్లా అని అడగాలి. జవాబును బట్టి ప్రమాదం ఉన్న దిక్కే మారిపోతుంది.

ట్రాన్సిస్టర్ల సంగతి తేలిక. 8 ఓమ్స్ దగ్గర 50 వాట్స్ ఇచ్చే యాంపు అంటే స్పీకరు మీద సుమారు 20 వోల్టులు పెట్టగలదని లెక్క. స్పీకరు మార్చినా ఆ వోల్టేజీ దాదాపు అలాగే ఉంటుంది, మారేదల్లా కరెంటు. 8 ఓమ్స్ అయితే 2.5 ఆంపియర్లు, 4 అయితే 5, 2 అయితే 10. యాంపు వెనక 'మినిమమ్ 4 ఓమ్స్' అని రాసి ఉండగా 2 ఓమ్స్ లోడ్ (యాంపు మోయాల్సిన స్పీకరు భారం) పెడితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఆ కరెంటుకు తట్టుకోలేవు. ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉంటే ఆగిపోతుంది, లేకపోతే పోతుంది. అదే 16 ఓమ్స్ పెడితే 25 వాట్స్ వస్తాయి, యాంపు చల్లగా ఉంటుంది. స్పీకరు అసలే పెట్టకపోతే కరెంటే పారదు, ఏ నష్టమూ లేదు. కాబట్టి ఇక్కడ "ఎక్కువైతే ఏం కాదు" అన్నది అక్షరాలా నిజం. వాట్స్ సగమైపోయాయని బెంగపడేవాళ్ళూ ఉంటారు. వాట్స్ సగమైతే తగ్గేది 3 డెసిబెల్సే. చెవికి సగం సౌండు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి.

ట్యూబ్ యాంపులో కథ వేరు. ట్యూబుకు వోల్టేజీ ఎక్కువ, కరెంటు తక్కువ. 50 వాట్స్ మార్షల్ లాంటి దాంట్లో రెండు ఈఎల్34 ట్యూబులు 400 వోల్టులకు పైనే పనిచేస్తుంటాయి. స్పీకరుకు కావాల్సింది సరిగ్గా దీనికి తిరగబడిన వ్యవహారం: కొద్ది వోల్టులు, ఎక్కువ కరెంటు. ఈ రెంటికీ మధ్యవర్తి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ఎత్తు ఎక్కేటప్పుడు సైకిలుకు గేరు మార్చినట్టు, ట్యూబు దగ్గరున్న శక్తిని స్పీకరు వాడుకోగలిగే రూపంలోకి అది మారుస్తుంది. ఆ జత ఈఎల్34లకు సుమారు 3,400 ఓమ్స్ లోడ్ కనిపించాలని డిజైన్ చేశారనుకుందాం. స్పీకరు 8 ఓమ్స్. 3,400ను 8తో భాగిస్తే 425, దాని వర్గమూలం 20.6. అంటే స్పీకరు వైపు ఒక చుట్టుకు ట్యూబుల వైపు 20.6 చుట్లు ఉండాలి. ఇంపీడెన్స్ (ఓమ్స్‌లో చెప్పే ఆ అడ్డు) చుట్ల నిష్పత్తికి వర్గంగా మారుతుంది కాబట్టి ఆ లెక్క.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, ట్రాన్స్‌ఫార్మర్‌కు సొంతంగా 8 ఓమ్స్ అంటూ ఏమీ ఉండదు. దానికి ఉన్నది నిష్పత్తి మాత్రమే. '8' అని రాసిన జాక్‌కు 16 ఓమ్స్ కేబినెట్ తగిలిస్తే ట్యూబులకు 6,800 ఓమ్స్ కనిపిస్తుంది. 4 తగిలిస్తే 1,700. స్పీకరు దగ్గర చేసిన మార్పు నేరుగా ట్యూబుల మీద పడుతుంది.

మొదట తక్కువ వైపు చూద్దాం. 1,700 ఓమ్స్ కనిపిస్తే ట్యూబుల గుండా కరెంటు పెరుగుతుంది. ట్యూబులు వేడెక్కుతాయి, పవర్ కొంత తగ్గుతుంది, ఎక్కువ కాలం అలాగే వాయిస్తే ట్యూబులు తొందరగా అరిగిపోతాయి. ఇప్పుడు ఎక్కువ వైపు. 6,800 ఓమ్స్ అయితే వోల్టేజీ ఊగిసలాట పెరుగుతుంది, వాల్యూమ్ పెంచి ఓవర్‌డ్రైవ్‌లో వాయిస్తున్నప్పుడు ట్యూబుల లోపలుండే సన్నటి తీగ జాలీలైన స్క్రీన్ గ్రిడ్ల మీద భారం పెరుగుతుంది. ఇక స్పీకరే లేదనుకోండి, ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో నిలవైన శక్తికి పోయే దారి లేదు. ట్యూబు కరెంటును టక్కున ఆపిన ప్రతిసారీ ఆ శక్తి వోల్టేజీ రూపంలో వెనక్కి తంతుంది. మామూలుగా వందల్లో ఉండే వోల్టేజీ వేలల్లోకి వెళ్తుంది. వైండింగ్ లోపలి ఇన్సులేషన్‌ను అది పొడుచుకుని పోతుంది, లేదా ట్యూబ్ సాకెట్ మీద నిప్పురవ్వ దూకుతుంది. ఈఎల్34 సాకెట్‌లో ప్లేటు (ఎక్కువ వోల్టేజీ ఉండే కొస) ఉండేది 3వ పిన్ను, పక్కనే 2వ పిన్ను ఫిలమెంటుది. ఈ రెంటి మధ్య నల్లటి కార్బన్ గీత కనిపిస్తే ఆ యాంపు ఎప్పుడో లోడ్ లేకుండా మోగిందని అనుమానించాల్సిందే.

ఈ మాటకు నా దగ్గరున్న బలమైన సాక్ష్యం ఫెండర్ యాంపుల వెనకున్న జాక్. ట్విన్ రివెర్బ్, డీలక్స్ రివెర్బ్ లాంటి వాటిలో మెయిన్ స్పీకర్ జాక్‌ను ఒక ప్రత్యేకమైన పద్ధతిలో కట్టారు. ప్లగ్గు ఊడిపోతే ఆ జాక్ తనంతట తానే అవుట్‌పుట్‌ను షార్ట్ చేసేస్తుంది. అంటే సున్నా ఓమ్స్. ఇదే పని ట్రాన్సిస్టర్ యాంపుకు చేస్తే దాని ప్రాణం మీదికి వస్తుంది. ట్యూబ్ యాంపు డిజైన్ చేసినవాళ్ళు మాత్రం స్పీకరు ఊడితే ఓపెన్‌గా (ఏ లోడూ లేకుండా) ఉండే కన్నా కాసేపు షార్ట్ అయి ఉండటమే నయమని తేల్చుకుని అలా కట్టారు. ఎక్కువ ఓమ్స్ ఎప్పుడూ సేఫ్ అని వాదించేవాళ్ళకు నేను ఈ ఒక్క జాక్ చూపిస్తాను. (ఈ యాంపుల్లో కేబినెట్‌ను ఎక్స్‌టర్నల్ జాక్‌కు మాత్రమే పెట్టి మెయిన్ జాక్ ఖాళీగా వదిలేస్తే సౌండు రాదు. కారణం ఇదే. చాలామంది యాంపు పాడైందనుకుంటారు.)

కాబట్టి మొదటి మాట, సరిగ్గా కలిసేలా పెట్టుకోండి. యాంపు వెనక 4, 8, 16 అని జాకులు గానీ సెలెక్టర్ గానీ ఉంటే అందుకోసమే ఉంది. సెలెక్టర్‌ను యాంపు ఆన్‌లో ఉండగా తిప్పకండి, ఒక స్థానం నుంచి ఇంకో స్థానానికి వెళ్ళే ఆ క్షణంలో లోడ్ ఊడిపోవచ్చు. ఇక గత్యంతరం లేక తేడాగా పెట్టాల్సి వస్తే ఏ వైపు మొగ్గాలన్నది రెండో మాట. అనుభవజ్ఞుల్లోనే దీని మీద భిన్నాభిప్రాయాలున్నాయి. ఓమ్స్ తక్కువైతే ట్యూబులకు శ్రమ, ఎక్కువైతే ట్రాన్స్‌ఫార్మర్‌కు రిస్కు. నా మట్టుకు నేను తక్కువ వైపే మొగ్గుతాను, అదీ ఒక్క మెట్టు మాత్రమే: 8 జాక్‌కు 4, 16 జాక్‌కు 8. ట్యూబులు ఎలాగూ కొన్నాళ్ళకు మార్చాల్సినవే. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి అలా కాదు, ముఖ్యంగా మన ఊళ్ళలో.

ఆ సంగతి కోఠిలో ఒక రిపేరు బల్ల మీద చూశాను. ఒక కాలేజీ ఫెస్టుకు అద్దెకు తెచ్చిన 50 వాట్స్ ట్యూబ్ హెడ్ (స్పీకరు లేని యాంపు పెట్టె) అది. పాట మధ్యలో సౌండు ఆగిపోయింది. గిటారిస్టు కేబుల్ పోయిందనుకుని, పెడల్సు తొక్కి చూసి, వాల్యూమ్ పూర్తిగా తిప్పి గట్టిగా మీటుతూ చెక్ చేశాడు. ఎవరైనా చేసేది అదే. కాసేపటికి ఫ్యూజు కొట్టేసింది. మెకానిక్ అన్న ట్రాన్స్‌ఫార్మర్ వైర్లు విప్పి, మధ్య ట్యాప్ నుంచి రెండు పక్కలా మల్టీమీటరు పెట్టి చూపించాడు.

"చూడు తమ్మీ, ఈ పక్క నలభై ఓమ్స్ వస్తున్నది. ఆ పక్క లైనే లేదు. వైండింగ్ తెగింది."

"అన్నా, మళ్ళీ చుట్టిస్తే రాదా?"

"కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ అయితే పొద్దుగూకే లోపల చుట్టిస్త. ఇది గట్ల కాదు. ఒక పొర ప్రైమరీ, ఒక పొర సెకండరీ, మళ్ళ ప్రైమరీ. గట్ల చుట్టకపోతే ట్రెబుల్ రాదు."

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. పొరల్ని ఒకదానిలో ఒకటి కలిపి చుట్టకపోతే లీకేజీ ఇండక్టెన్స్ పెరిగి పై ఫ్రీక్వెన్సీలు పోతాయి. మోటారు వైండింగ్ షాపుకు తీసుకెళ్తే అయ్యే పని కాదు. కొత్తది బయటి నుంచి తెప్పించాలంటే కోర్ బరువుకే షిప్పింగ్ ఖర్చు, దాని మీద కస్టమ్స్ డ్యూటీ. ఒక్కోసారి ఆ ఖర్చుకు సెకండ్ హ్యాండ్‌లో చిన్న యాంపే వస్తుంది.

అసలు జబ్బు యాంపులో లేదు. దానికి తగిలించిన 2×12 (పన్నెండంగుళాల స్పీకర్లు రెండున్న) కేబినెట్‌లో ఉంది. లోపల రెండు 4 ఓమ్స్ స్పీకర్లను సిరీస్‌లో కలిపి 8 చేశారు. లెక్క తప్పు కాదు, 4కు 4 కలిపితే 8. కానీ సిరీస్‌లో ఒక స్పీకరు కాయిల్ తెగితే మొత్తం సర్క్యూట్ తెగినట్టే. యాంపుకు కనిపించేది 8 నుంచి ఒక్కసారిగా ఓపెన్. ఈ హెడ్‌కు సరిగ్గా అదే జరిగింది. అవే 8 ఓమ్స్‌ను రెండు 16 ఓమ్స్ స్పీకర్లతో ప్యారలల్‌లో చేసి ఉంటే, ఒకటి పోయినా రెండోది మోగుతూనే ఉండేది. లోడ్ 8 నుంచి 16 అయ్యేది, సౌండు తగ్గేది, గిటారిస్టుకు అనుమానం వచ్చేది, యాంపు బతికి ఉండేది. వడ్రంగి చేత ప్లైవుడ్ కేబినెట్ కట్టించుకునే మిత్రులకు అందుకే చెబుతుంటాను: 2×12 అయితే 16 ఓమ్స్ స్పీకర్లు రెండు కొని ప్యారలల్‌లో కలపండి. అదే మోడల్ 8లోనూ 16లోనూ ఒకే ధరకు దొరుకుతున్నప్పుడు సిరీస్‌కు పోవాల్సిన అవసరమే లేదు.

4×12లో వ్యవహారం ఇంకాస్త మెరుగ్గా ఉంటుంది. నాలుగు 16 ఓమ్స్ స్పీకర్లను రెండేసి జతలుగా సిరీస్‌లో పెట్టి, ఆ జతల్ని ప్యారలల్‌లో కలిపితే మళ్ళీ 16 వస్తుంది. ఒకటి తెగితే ఒక జత మూగబోతుంది, లోడ్ 32 అవుతుంది. మంచిది కాదు గానీ ఓపెన్ కన్నా మేలు. మార్షల్ 1960 కేబినెట్ వెనక జాక్ ప్లేటు మీద మోనో, స్టీరియో స్విచ్ ఉంటుంది. మోనోలో ఒక జాక్ 16 ఓమ్స్, పక్క జాక్ 4 ఓమ్స్. స్టీరియోలో ఒక్కో జాక్‌కు రెండు స్పీకర్లు, 8 ఓమ్స్ చొప్పున. ఒకే పెట్టె మూడు రకాల లోడ్ అవుతుంది. సౌండ్ చెక్ హడావుడిలో ఏదో ఒక జాక్‌కు గుచ్చేసి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. ఇది అద్దె కేబినెట్లలో చాలా తిరిగే మోడల్ కాబట్టి, ఆ జాకుల పక్కన రాసి ఉన్న అంకెలు చదవడం ఒక్కటి అలవాటైతే చాలా యాంపులు బతికిపోతాయి.

ఈ అంకెల్లో ఏదో ఒకటి గొప్పదన్న భ్రమ కూడా ఉంది. 16 ఓమ్స్ ప్రొఫెషనల్ అనీ, 4 ఓమ్స్ చవకరకం అనీ అంటుంటారు. 1962లో లండన్ హాన్‌వెల్‌లోని జిమ్ మార్షల్ షాపులో తయారైన జేటీఎం45 యాంపు సర్క్యూట్, ఫెండర్ వాళ్ళ బాస్‌మన్ యాంపును చూసి కట్టింది. ఆ బాస్‌మన్‌లో నాలుగు పదంగుళాల స్పీకర్లు, ఒక్కోటి 8 ఓమ్స్, అన్నీ ప్యారలల్‌లో. అంటే 2 ఓమ్స్. మార్షల్ 4×12కేమో 16 ఓమ్స్ ఆనవాయితీ అయింది. సర్క్యూట్ దాదాపు ఒకటే, ఒకటి 2 ఓమ్స్‌తో పాడింది, ఒకటి 16తో పాడింది. ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్లు దానికి తగ్గట్టు ఉంటే అంకె ఏదైనా పరవాలేదు.

ఇంకో చివర, మల్టీమీటరులో 6.7 చూసి "8 లేదేంటి" అని టెన్షన్ పడేవాళ్ళున్నారు. మీటరు కొలిచేది కాయిల్ తీగ డీసీ రెసిస్టెన్స్. 8 ఓమ్స్ స్పీకరు మీద అది 6, 7 మధ్య చూపించడం మామూలే. అసలు ఇంపీడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంటుంది. సెలెస్టియన్ కంపెనీ గిటార్ స్పీకర్లు గ్రీన్‌బ్యాక్, వింటేజ్ 30 రెంటికీ రెజొనెన్స్ (స్పీకరు కోన్ సహజంగా ఊగే చోటు) 75 హెర్ట్జ్ దగ్గర. అక్కడ ఇంపీడెన్స్ 8కి ఎన్నో రెట్లు లేస్తుంది. గిటారులో అన్నిటికన్నా లావైన తీగ (E) 82 హెర్ట్జ్, అంటే దాదాపు ఆ శిఖరం మీదే. పై ఫ్రీక్వెన్సీలకు పోయే కొద్దీ కాయిల్ ఇండక్టెన్స్ వల్ల మళ్ళీ పెరుగుతుంది. 8 ఓమ్స్ అన్నది ఈ కొండలు లోయల మీద పెట్టిన పేరు మాత్రమే. ట్యూబ్ యాంపులో బేస్ నిండుగా, ట్రెబుల్ మెరుపుగా వినపడటానికి ఒక కారణం కూడా ఇదే, స్పీకరు ఇంపీడెన్స్ పెరిగిన చోట ట్యూబ్ యాంపు వోల్టేజీ కూడా పెరుగుతుంది. కాబట్టి 8కి 7కి మధ్య తేడా గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. 8కి 32కి మధ్య తేడా గురించి, ఓపెన్ గురించి పట్టించుకుంటే చాలు.

అలాగే 8, 16 కేబినెట్లు రెండూ కలిపి వాడాలనుకునేవాళ్ళు లోడ్ 5.33 వస్తుందే, 4కు పెట్టాలా 8కు పెట్టాలా అని తెగ ఆలోచిస్తారు. రెండూ ఇబ్బంది లేని దూరమే. వాళ్ళు ఆలోచించాల్సింది పవర్ ఎటు పోతుందన్నది. ప్యారలల్‌లో 8 ఓమ్స్ కేబినెట్ 16 దానికన్నా రెట్టింపు తీసుకుంటుంది. 60 వాట్స్ యాంపు అయితే దీనికి 40, దానికి 20. ఆ 8 ఓమ్స్ పెట్టెలో ఉన్నది 25 వాట్స్ గ్రీన్‌బ్యాక్ ఒక్కటే అయితే, ఓమ్స్ లెక్క కుదిరినా స్పీకరు పోతుంది.

ఇదంతా గిటారిస్టుల గోల అనుకునేవాళ్ళకు ఒక మాట. మన ఊళ్ళలో మైకు సెట్టు నడిపేవాళ్ళు మ్యాచింగ్‌లో మనకన్నా ముందున్నారు. అహూజా యాంపు వెనక 4, 8, 16 టెర్మినల్స్ పక్కనే 70 వోల్ట్, 100 వోల్ట్ లైన్ టెర్మినల్స్ ఉంటాయి. జాతరకు ఊరంతా హార్న్‌లు కట్టేటప్పుడు వాళ్ళు ప్రతి హార్న్‌కూ లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, 100 వోల్ట్ లైన్‌కు వేస్తారు. 100 వాట్స్ యాంపుకు 10 వాట్స్ ట్యాపులు పది దాకా. దూరాన ఉన్న హార్న్‌కు అంత సన్నటి వైరు ఎందుకు సరిపోతుందో, వాట్స్ మొత్తం ఎందుకు దాటకూడదో వాళ్ళు చేతులతో నేర్చుకున్నారు. అంత శ్రద్ధ లక్షలు పెట్టి కొన్న గిటారు రిగ్ మీద కూడా ఉండాలని నేను అడుగుతున్నాను.

ట్యూబులెవరు వాడుతున్నారు, అందరూ మల్టీ ఎఫెక్ట్స్‌కు మారిపోయారుగా అని ఎదురు వాదన రావచ్చు. మారినందువల్లే కొత్త ప్రమాదం వచ్చింది. చర్చిల్లో, చిన్న హాళ్ళలో స్టేజీ మీద సౌండు తగ్గించాలని కేబినెట్ తీసేసి, హెడ్ స్పీకర్ అవుట్‌ను డీఐ బాక్సులో (సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టెలో) పెట్టి మిక్సర్‌కు పంపుతున్నారు. డీఐ బాక్సులన్నీ లోడ్ కావు. కొన్ని స్పీకర్ సిగ్నల్‌ను చూసి కొంచెం నమూనా మిక్సర్‌కు ఇస్తాయంతే, 'త్రూ' జాక్ నుంచి కేబినెట్‌కు వైరు వెళ్ళాల్సిందే. అది తీసేస్తే హెడ్ ఓపెన్‌లో మోగుతున్నట్టు. చెవులకు బ్రహ్మాండంగా వినిపిస్తుంది కూడా, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ట్యూబ్ హెడ్‌ను నిశ్శబ్దంగా వాడాలంటే స్పీకరు బదులు ఆ పవర్‌ను తనే మింగే లోడ్ బాక్స్ కావాలి. దాని మీద ఓమ్స్ మీ జాక్‌తో కలవాలి, వాట్స్ మీ హెడ్ కన్నా బాగా ఎక్కువ ఉండాలి. 50 వాట్స్ హెడ్ ఫుల్ ఓవర్‌డ్రైవ్‌లో 50ని దాటుతుంది కాబట్టి నేనైతే 100 వాట్స్ లోడ్ బాక్స్‌కు తక్కువ తీసుకోను.

హెడ్ నుంచి కేబినెట్‌కు గిటారు కేబుల్ వాడటం మరో దురలవాటు. రెండు చివర్లా అదే ప్లగ్గు ఉంటుంది కదా అని వాడేస్తారు. దాని లోపలి తీగ వెంట్రుకంత ఉంటుంది, చుట్టూ షీల్డు. పవర్ మోయడానికి చేసింది కాదు, వేడెక్కి షార్ట్ కావచ్చు, తెగిపోవచ్చు. తెగితే మళ్ళీ ఓపెన్. ఎలక్ట్రికల్ షాపులో 1.5 స్క్వేర్ ఎంఎం రెండు తీగల ఫ్లెక్సిబుల్ వైరు మీటరు లెక్కన దొరుకుతుంది. మంచి ప్లగ్గులు రెండు సోల్డర్ చేసుకుంటే సరి, పెద్ద ఖర్చేమీ కాదు.

హాళ్ళ వాళ్ళను, అద్దెకిచ్చేవాళ్ళను నేను అడిగేది చిన్న పని. ప్రతి కేబినెట్ వెనకా కనబడేలా ఓమ్స్, వాట్స్, లోపల సిరీసా ప్యారలలా అన్నది రాసి అంటించండి. స్పీకర్లు మార్చిన ప్రతిసారీ ఆ కాగితం మార్చండి. కాగితం లేని కేబినెట్ వచ్చిందంటే, వాయించేవాళ్ళే స్పీకర్ కేబుల్ కేబినెట్‌కు గుచ్చి, రెండో చివర ప్లగ్గు మొనకూ గొట్టానికీ మల్టీమీటరు పెట్టి చూసుకోవచ్చు. 3 దాటి చూపిస్తే 4 ఓమ్స్ పెట్టె. 6, 7 మధ్య అయితే 8 ఓమ్స్‌ది. 12, 13 మధ్య అయితే 16 ఓమ్స్‌ది. ఏమీ చూపించకపోతే లోపల ఎక్కడో తెగింది. అది దొరికేదాకా ట్యూబ్ హెడ్‌ను ఆ కేబినెట్ దగ్గరికి రానివ్వొద్దు.